ఎడమచేతితో వ్రాయు బిడ్డ

ప్రతి సంవత్సరమును జూన్ మాసమున బడి తెరచిన మొదటి వారములో, బిడ్డలను చేర్పించుటకు వచ్చు తల్లిదండ్రులు మాతో చెప్పుకొను మాటలు కొన్ని కలవు. మా వాడు అల్లరివాడని ఒకరందురు. మా అమ్మాయి అన్నము సరిగా తినదని మరియొకరందురు. వారిలో ఒకరిద్దరు మాత్రము గొంతు తగ్గించి, తమ యింటి లోపము నేదో బయటపెట్టుచున్నట్లు, “మాష్టరుగారూ, వీడిది పుర్రచెయ్యి. రెండు దెబ్బలు వేసైనా మాన్పించండి” అని చెప్పుదురు. బిడ్డ ప్రక్కనే నిలిచి ఆ మాట వినును. వినుచు తన ఎడమచేతిని వీపు వెనుకకు దాచుకొనును.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ దెబ్బలు వేయరాదు. ఆ చేతిని మార్పరాదు. ఎడమచేతితో వ్రాయు బిడ్డకు ఎడమచేతితోనే చక్కగ వ్రాయుట నేర్పవలెను. ఇది మేము మొదటినుండియు నెరిగిన సత్యము కాదు. ఒక బిడ్డకు అన్యాయము చేసి, ఆ పిమ్మట నేర్చుకొన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాథమిక తరగతులలో నొక బాలిక యుండెను. తండ్రికి రెండెకరముల మిరపచేను కలదు. తల్లి ప్రత్తి తీయుటకు కూలికి పోవుచుండెను. నోటిలెక్కలలో ఆ బాలికను మించినవారు తరగతిలో లేకుండిరి. కథ యొకసారి చెప్పిన చాలును, మరునాడు మాట పొల్లుపోకుండ అప్పగించెడిది. కాని పలక పట్టినంతనే ఆమె వేరొక బిడ్డవలె తోచెడిది. అక్షరములు వంకరపోవును; ఒత్తులు గీత దాటి పడును; తోడివారు పది పదములు వ్రాయులోపల ఆమె మూడు వ్రాయును. మేము మొదట బద్ధకమనుకొంటిమి. పిమ్మట మందబుద్ధి యనుకొంటిమి. వ్రాతపుస్తకమున ఎఱ్ఱసిరాతో ‘శ్రద్ధ లేదు’ అని పలుమారులు వ్రాసితిమి.

ఒకనాటి సాయంత్రము, చివరి గంట కొట్టిన తరువాత, మరచిన గొడుగుకొరకు తరగతికి తిరిగి వచ్చితిమి. ఆ బాలిక నల్లబల్ల యొద్ద ఒంటరిగ నిలిచి, ఎడమచేతితో సుద్దముక్క పట్టి, ఆనాటి పాఠమును చూడకుండ వ్రాయుచుండెను. వరుస తిన్నగ నుండెను. అక్షరములు గుండ్రముగ నుండెను. మమ్ము చూచినంతనే ఆమె వ్రాసినదంతయు అరచేతితో తుడిచివేసి, సుద్దముక్కను కుడిచేతిలోనికి మార్చుకొని, “ఇంకెప్పుడూ రాయనండి” అనెను. దొంగతనమున పట్టుబడిన బిడ్డ ముఖము ఎట్లుండునో ఆమె ముఖము అట్లుండెను.

విచారింపగా సంగతి తెలిసినది. ఇంటిలో నాయనమ్మ ఆమె ఎడమచేతికి గుడ్డ చుట్టి కట్టెడిది. బడిలో మేము చేతిని కట్టకపోయినను, కుడిచేతితో వ్రాయుమని ప్రతిదినమును చెప్పుచుంటిమి. ఏడాదిన్నర కాలము ఆ బిడ్డ తనకు రాని చేతితో వ్రాసి, వచ్చిన చేతిని దాచుకొని, మా చేత మందబుద్ధి యనిపించుకొనెను. ఆ యేడాదిన్నర తిరిగి యిచ్చుట మా వశము కాదు. మరియొక బిడ్డకు అట్లు జరుగకుండ చూచుట మాత్రము మన యందరి వశమున నున్నది.

ముందుగ ఈ వాటము ఏమిటో తెలిసికొందము. ఏ దేశమున చూచినను ఎడమచేతివాటము గలవారు కొందరుందురు. 2020 సంవత్సరమున ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, అనేక దేశములయందు జరిగిన పరిశోధనలను ఒకచోట కూర్చి, 20 లక్షలకు పైగా మనుష్యుల లెక్కలు చూచిరి. నూటికి 10 మందికంటె కొంచెము హెచ్చుగ ఎడమచేతివాటము గలవారని తేలినది. అనగా 40 మంది గల తరగతిలో సుమారు నలుగురు. ఒక తరగతిలో అట్టివారొక్కరును కనబడకున్నచో, లేరని సంతోషింపక, దాచుకొనుచున్నారేమో యని ఉపాధ్యాయుడు యోచింపవలెను.

ఈ వాటము పుట్టిన పిదప అంటుకొన్న దురలవాటు కాదు. ఉత్తర ఐర్లండు దేశమున బెల్ఫాస్టు నగరమందలి పీటర్ హెప్పర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, తల్లిగర్భమందలి శిశువులు ఏ చేతి బొటనవ్రేలు చీకుదురో స్కానింగు యంత్రముతో చూచిరి. ఆ శిశువులలో 75 మందిని, వారికి 10 మొదలు 12 ఏండ్లు వచ్చిన పిదప మరల పరీక్షించి, ఫలితములను 2005లో ప్రకటించిరి. గర్భమున కుడివ్రేలు చీకిన 60 మందియు కుడిచేతివాటము గలవారే యైరి. ఎడమవ్రేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాటము గలవారైరి. తక్కిన అయిదుగురు కుడిచేతివారైరి. అక్షరాభ్యాసమునకు ఎంతో ముందే, బిడ్డ లోకమును చూడకముందే, చేయి చాలవరకు నిర్ణయమగుచున్నదని దీనివలన తెలియుచున్నది.

కారణమేమని అడిగినచో, వంశమునుండి వచ్చునది కొంత, గర్భమున మెదడు పెరుగు తీరువలన కలుగునది కొంత. తల్లిదండ్రులిద్దరును కుడిచేతివారైనను ఎడమచేతి బిడ్డ కలుగవచ్చును. పెక్కుచోట్ల జరుగుచున్నది అదియే. మెదడు యొక్క కుడి సగము శరీరమున ఎడమప్రక్కను, ఎడమ సగము కుడిప్రక్కను నడుపునని మన విద్యార్థులు జీవశాస్త్రమున చదివియేయున్నారు. భాషకు సంబంధించిన పని కుడిచేతివారిలో నూటికి సుమారు 95 మందికి మెదడు ఎడమ సగముననే జరుగును. ఎడమచేతివారిలోకూడ నూటికి సుమారు 70 మందికి అక్కడనే జరుగును. కావున ఎడమచేతివాని మెదడు తలక్రిందులైనది కాదు, తక్కువదియు కాదు. ఎడమచేతివారందరును మహామేధావులగుదురని కొందరు చెప్పు పొగడ్తయు నిజము కాదు. వారు తక్కిన బిడ్డలవంటి బిడ్డలే.

మన సీమ రైతులకు ఈ సంగతిని మరియొక విధమున చెప్పవచ్చును. అరకకు ఎద్దులను కట్టునప్పుడు ప్రతి యెద్దునకును తన ప్రక్క కలదు. ఎడమనుండునది దాపటి యెద్దు; కుడినుండునది వలపటి యెద్దు. ట్రాక్టరులు వచ్చి అరకలు తగ్గినను, ఒంగోలు గిత్తలను సాకిన వృద్ధులు ఈ మాటలను మరువలేదు. కోడెను మొదట ఏ ప్రక్కకు మరపినారో అది ఆ ప్రక్కనే నెమ్మదిగ నడచును. ప్రక్క మార్చి కట్టినచో అడుగు తడబడును, చాలు వంకరపోవును. అప్పుడు తెలివిగల రైతు ఎద్దును కొట్టడు. ప్రక్క సరిచేసి కట్టును. ఎద్దునకు ప్రక్క మనము నేర్పినది. బిడ్డకు చేయి పుట్టుకతో వచ్చినది. మనము నేర్పినదానినే మార్చుటకు వెనుదీయు మనము, పుట్టుకతో వచ్చినదానిని మార్చుటకు ఏల తొందరపడవలెను?

అయినను, ఇంటిలోని పెద్దలు ఎడమచేతిని చూచి కలతపడుట వట్టి మూర్ఖతవలన కాదు. మన దేశమున కుడిచేయి అన్నమునకును, ఎడమచేయి శౌచమునకును ఏర్పడినవి. కుళాయియు సబ్బును లేని కాలమున ఈ విభజన ఇంటిల్లిపాది ఆరోగ్యమును కాపాడినది. దానినుండియే కుడిచేయి ‘మంచిచేయి’ యైనది. ఆ వెంటనే ఎడమచేయి చెడ్డచేయి యైనది. చేతికి వచ్చిన చెడ్డపేరు క్రమముగ బిడ్డకు అంటుకొనుచున్నది. వచ్చిన చిక్కెల్ల ఇచ్చటనే యున్నది.

పెద్దల మర్యాదలను త్రోసివేయుడని మేము చెప్పము. పంక్తిలో కూర్చుండినప్పుడు కుడిచేతితో భుజించుట, పెద్దలకు కుడిచేతితో అందించుట మొదలైనవి ఓర్పుతో నేర్పినచో చాలమంది ఎడమచేతి బిడ్డలు నేర్చుకొందురు. ముద్ద నోటికెత్తుటకును, చెంబు అందించుటకును, కలము నడుపుటకు వలసినంత సూక్ష్మమైన వ్రేళ్ల పని అక్కరలేదు గదా. రెండు చేతులతో అందించుట అంతకంటె గొప్ప మర్యాద. దానిని నేర్పినచో తగవే లేదు. కాని దీనిని మర్యాద యని చెప్పవలెను గాని పాపమని చెప్పరాదు. మరచి ఎడమచేయి చాచిన బిడ్డను పదిమందిలో సిగ్గుపరుపరాదు. ఎంత చెప్పినను కుడిచేతితో తినలేని బిడ్డను ఆకలితో ఏడ్పింపరాదు. రెండు చేతులను సబ్బుతో కడుగుకొనుట నేర్పినచో ఆరోగ్యమునకు భయములేదు.

వ్రాత సంగతి వేరు. వ్రాత చేతితో జరుగు పనివలె కనబడును గాని, మనస్సు చేతివెంట నడువవలసిన పని. చేయి తడబడుచున్నంతకాలము బిడ్డ మనస్సంతయు గీతమీదనే యుండును, అర్థముమీద నుండదు. ఏ అక్షరము ఎట్లు తిరుగునో చూచుకొనులోపల ఉపాధ్యాయుడు చెప్పిన వాక్యము జారిపోవును. చదువు మొదలుపెట్టిన మొదటి రెండు మూడేండ్లలో ఈ నష్టము కలిగినచో, పిల్లవాడు తనకు చదువు రాదని తానే తీర్మానించుకొనును. మేము చూచిన బాలిక అట్టి తీర్మానమునకు దగ్గరగ వచ్చియుండెను.

ఈ బలవంతము మన దేశముననే జరిగినదని తలంపరాదు. ఇంగ్లండు, అమెరికా దేశములలోకూడ ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున ఎడమచేతి బిడ్డలను బెత్తముతో కొట్టి కుడిచేతితో వ్రాయించిరి. ఆ కాలమున బడికి పోయినవారిలో ఎడమచేతితో వ్రాయువారు బహుకొద్దిమందిగ కనబడిరి. బెత్తము తగ్గిన కొలదియు వారి సంఖ్య హెచ్చినది. కొత్తగ ఎడమచేతివారు పుట్టుట మొదలిడినదని దీని అర్థము కాదు. దాగియున్నవారు బయటికి వచ్చిరి. 1936లో ఇంగ్లండునకు రాజైన ఆరవ జార్జి బాల్యమున ఎడమచేతివాటము గలవాడు. ఆయనచేత కుడిచేతితో వ్రాయించిరి. ఆయన మాటలో నత్తి యుండెను. ఆ నత్తికి చేతి మార్పే కారణమని రుజువు కాలేదు. కావున మేము అట్లు చెప్పము. కాని రాజకుమారునికికూడ తన చేయి తనకు దక్కలేదు. 1926లో వింబుల్డన్ పోటీలలో ఆయన టెన్నిసు ఆడినప్పుడు ఎడమచేతితోనే ఆడెను. వ్రాతబల్ల యొద్ద పెద్దలు మార్చిన చేయి ఆటస్థలమున తన స్వభావమును విడువలేదు.

మనము చేయి మార్పవలెనని శాస్త్రము విధించినదా, ధర్మము విధించినదా యని వెదకినను ఎచ్చటను కానరాదు. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథము తెరచి చూడుడు. ఇశ్రాయేలీయులను మోయాబు రాజు చేతినుండి విడిపించుటకు దేవుడు లేపిన ఏహూదు ఎడమచేతివాటము గలవాడు. ఆయన బెన్యామీను గోత్రమువాడు. బెన్యామీను అను పేరునకు కుడిచేతి కుమారుడని అర్థము. అట్టి పేరుగల గోత్రమునందే, వడిసెలతో గురి తప్పక రాయి విసరగల 700 మంది ఎడమచేతివారుండిరని ఆ గ్రంథముననే కలదు. వారిలో నొక్కని చేతినైనను ఎవరును మార్చినట్లు లేదు. మహాభారతమున అర్జునునకు సవ్యసాచి యని పేరు. ఎడమచేతితోకూడ బాణము వేయగలవాడని అర్థము. అది నిందగ వచ్చిన పేరు కాదు, బిరుదుగ వచ్చినది. 1909లో గాంధీగారు ఓడప్రయాణమున ‘హింద్ స్వరాజ్’ వ్రాయునప్పుడు కుడిచేయి అలసిపోగా, వ్రాతప్రతిలోని 275 పుటలలో 40 పుటలను ఎడమచేతితో వ్రాసిరి. ఆ నలువది పుటలు తక్కిన పుటలకంటె అశుభమైనవని ఎవరైన చెప్పగలరా? మన హైదరాబాదున పెరిగిన గుత్తా జ్వాల ఎడమచేతితో బాడ్మింటను ఆడి, 2010లో కామన్వెల్తు క్రీడలలో అశ్వినీ పొన్నప్పతో కూడి స్వర్ణపతకము గెలిచినది. ఆమె చేతిని బాల్యముననే మార్చియుండినచో ఏమగునో మనము యోచింపవలెను.

ఇక, నేర్పు విధమును గూర్చి చెప్పెదము. ముందుగ బిడ్డ వాటమును కనిపెట్టవలెను. రెండు మూడేండ్ల బిడ్డ ఒకప్పుడు ఈ చేతిని, ఒకప్పుడు ఆ చేతిని వాడుకొనును. అప్పుడు తొందరపడి తీర్మానింపరాదు. వస్తువును బిడ్డకు ఎదురుగ నడుమ నుంచి, ఏ చేయి ముందుకు వచ్చునో కొన్నాళ్లు చూడవలెను. బంతి ఏ చేతితో విసరును, గోళీ ఏ వ్రేలితో కొట్టును, తల ఏ చేతితో దువ్వుకొనును అని గమనించినచో, నాలుగైదేండ్లు వచ్చునప్పటికి సందేహము తీరును. ఒక్క హెచ్చరిక మాత్రము కలదు. ఏడాదియైన నిండని శిశువు ఒక చేతినే వాడుచు రెండవ చేతిని కదలింపకున్నను, కుడిచేతితో పనిచేయు బిడ్డ హఠాత్తుగ ఆ చేతిని మానినను, అది వాటము కాకపోవచ్చును. అట్టి బిడ్డను వైద్యునికి చూపవలెను.

తెలుగు ఎడమనుండి కుడికి వ్రాయు భాష. కుడిచేతివాడు వ్రాసినదానినుండి చేతిని దూరముగ లాగుకొనుచు పోవును. ఎడమచేతివాడు కలమును త్రోయుచు పోవును. వ్రాసిన అక్షరముమీదికి అతని చేయి వచ్చి దానిని మూయును, సిరా నలుపును. పలకమీదనైన బలపపు వ్రాతను చేయి తుడిచివేయును. దీనినుండి తప్పించుకొనుటకై బిడ్డ మణికట్టును కొక్కెమువలె వంచి పైనుండి వ్రాయ మొదలిడును. అది చేతికి నొప్పి. కాగితమును బిడ్డకు ఎదురుగ కాక కొంచెము ఎడమప్రక్కకు జరిపి, దాని పైయంచు కుడివైపునకు వాలునట్లు త్రిప్పిపెట్టినచో, చేయి గీతకు దిగువన నిలుచును, మణికట్టు తిన్నగ నుండును, వ్రాసినది కంటికి కనబడును. కలమును మొనకు అంగుళమున్నర ఎగువన పట్టుకొననిండు. త్వరగ ఆరని సిరా కలమునకు మారుగ బాల్‌పెన్ను ఇండు. వెలుతురు కుడిప్రక్కనుండి పడునట్లు కూర్చుండబెట్టుడు. బల్లమీద వరుసలో ఎడమ కొసన చోటిండు. లేనియెడల ప్రక్కవాని కుడిమోచేయి, ఇతని ఎడమమోచేయి రోజంతయు పోట్లాడుకొనును, నింద ఇతనిమీదనే పడును.

కొందరు బిడ్డలు అక్షరములను అద్దములో కనబడునట్లు తిప్పి వ్రాయుదురు. వ్రాత నేర్చుకొను కుడిచేతి బిడ్డలుకూడ కొన్నాళ్లు అట్లు చేయుదురు; భయపడనక్కరలేదు. ప్రతి గీతకును ఎడమ కొసన ఒక చిన్న చుక్క పెట్టి, అచ్చటనుండి మొదలుపెట్టుమని చూపిన చాలును. కుట్టుపని, అల్లిక, ముడివేయుట మొదలైనవి నేర్పునప్పుడు కుడిచేతి ఉపాధ్యాయుని ప్రక్కన కాక ఎదురుగ బిడ్డను కూర్చుండబెట్టవలెను. అద్దములో చూచినట్లు చూచి బిడ్డ నేర్చుకొనును. మామూలు కత్తెర ఎడమచేతిలో సరిగ తెగదు. కత్తిరింపవలసిన గీతయు కనబడదు. అది బిడ్డ చేతకానితనము కాదు. ఎడమచేతి కత్తెరలు అమ్ముచున్నారు. పాఠశాల యొక్కటి రెండు కొని యుంచుకొనిన మంచిది.

వ్రాత చూచుటకు బాగుండదేమో, పరీక్షలో మార్కులు పోవునేమో యని కొందరు తండ్రులు అడుగుదురు. కుడిచేతితో వ్రాయు బిడ్డలలో అందరి వ్రాతయు ముత్యములవలె నున్నదా? ఎడమచేతికి సరియైన పద్ధతి చూపినచో వ్రాత చదువుటకు వీలుగను వేగముగను వచ్చును. పరీక్ష కోరునది అదియే. ఆడపిల్లల తల్లులు మరియొక మాట అడుగుదురు: రేపు పెండ్లిచూపులలో ఏమందురో, అత్తవారింట వడ్డించునప్పుడు ఏమందురో యని. ఈ భయము ఊరకే పుట్టినది కాదు. తల్లులు విన్న మాటలే వారిచేత పలికించుచున్నవి. కాని రేపు ఎవరో యనబోవు మాటకొరకు నేడు మనమే ఆ మాటను బిడ్డతో ప్రతిదినమును అనుట న్యాయమా? చదువు చక్కగ వచ్చి, తన కాళ్లమీద నిలువగల ఆడబిడ్డకు ఆ మాటను ఎదుర్కొను శక్తి యుండును. చదువు చెడగొట్టుకొన్న ఆడబిడ్డకు, చేయి మార్చుకొన్నను, ఆ శక్తి రాదు.

మన పొలములలోనికి పోయి చూచినచో ఈ తగవు కానరాదు. మిరపపండ్లు కోయు స్త్రీలు రెండు చేతులతోను కోయుదురు. ప్రత్తి తీయువారు రెండు చేతులతోను తీసి ఒడిలో వేసికొందురు. కల్లములో తాలుకాయలు ఏరునప్పుడు ఏ చేయి ఏరినదని మేస్త్రీ అడుగడు. గుంటూరు మిరపయార్డునకు పోయిన బస్తాలో ఏ కాయను ఏ చేయి కోసినదో ఎవరు చెప్పగలరు? పనిలో ఎడమచేతిని కూలికి తీసికొను లోకము, చదువులో మాత్రము దానిని వద్దనుట వింత. మేము చెప్పిన బాలిక తల్లి ఈ మాట విని, “నిజమేనండి, చేలో నేనూ ముందు ఎడం చెయ్యే వేస్తాను” అని నవ్వినది. ఆమెకు బడియే లేదు. కావున ఆమె చేతిని మార్చినవారును లేరు.

చట్టము మాటయు ఒకటి చెప్పవలెను. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 17వ విభాగమున, బిడ్డను కొట్టుటయే కాదు, మనస్సు నొప్పించి వేధించుటయు నిషేధింపబడినది. చేతిమీద బెత్తపు దెబ్బ మొదటిది. తరగతి నడుమ ‘పుర్రచేయి’ యని పిలుచుట రెండవది. మేము మొదటిది చేయలేదని చెప్పుకొనగలము. రెండవదానికి సమీపమున నడచితిమని ఒప్పుకొనుచున్నాము.

విద్యార్థులారా, మీతోకూడ ఒక మాట. మీ బల్లమీది స్నేహితుడు ఎడమచేతితో వ్రాసినచో, ఆటలో అతనిని మొదట మీ జట్టులోనికి కోరుకొందురు. ఎడమచేతి బంతి ఎదుటివానికి కష్టమని మీకు తెలియును. తరగతిలో మాత్రము అతనిని వెక్కిరించుట ఏ న్యాయము? మోచేయి తగిలినచో చోటు మార్చుకొనుడు. అంతకుమించి మీరు చేయవలసినది ఏమియు లేదు.

1842లో ఫాదర్ హయ్యరు గుంటూరునకు వచ్చి బడి పెట్టిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చిరి. వారి కాలమున ఈ సీమలో చదువు కొందరి సొత్తు. మాల మాదిగ బిడ్డలను, ఆడపిల్లలను బడిలో కూర్చుండబెట్టినందుకు మిషను పాఠశాలలు ఎన్ని మాటలు పడినవో మన పెద్దలెరుగుదురు. వీరికి చదువు తగదని లోకము చెప్పినప్పుడు, బిడ్డను చూచి చెప్పుడు అని ఆ బడులు బదులు చెప్పినవి. ఆ వారసత్వము మనదని ప్రతి వార్షికోత్సవమునను చెప్పుకొనుచున్నాము. తరగతికి నలుగురు బిడ్డలు తమ చేతిని వీపు వెనుక దాచుకొని కూర్చుండినంతకాలము ఆ మాట పూర్తిగ మనది కాదు.

కావున మా తోటి ఉపాధ్యాయులకు మా విన్నపము: ఈ జూన్ మాసమున బిడ్డ చేతికి బలపము నిచ్చునప్పుడు, కుడిచేతిలో పెట్టక, బల్లమీద నడుమ నుంచుడు. బిడ్డ తీసికొననిండు. తల్లిదండ్రులకు మా విన్నపము: బడిలో చేర్చునప్పుడు ‘మాన్పించండి’ అని కాక, ‘వీడు ఎడమచేతితో రాస్తాడు, కాస్త చూసుకోండి’ అని చెప్పుడు, ఆ మాట బిడ్డ వినునట్లు చెప్పుడు.

ఆ బాలిక యిప్పుడు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆమె వ్రాత అందమైనదని చెప్పలేము గాని, వేగమైనది, తప్పులు లేనిది. నాయనమ్మ ఇంకను ఎడమచేతితో ఇచ్చిన మంచినీళ్లు పుచ్చుకొనదట. ఆమెకు మాత్రము మనుమరాలు రెండు చేతులతో చెంబు పట్టి అందించుచున్నదట. ఆ యింటిలో తగవు అంతటితో తీరినది. బడిలో ఆమె పుస్తకమున ‘శ్రద్ధ లేదు’ అని మేము వ్రాసిన ఎఱ్ఱసిరా అక్షరములు మాత్రము తుడిచినను పోవునవి కావు.